సంగమేశ్వర దర్శనము

మన పాఠశాలలో చదువు బాలబాలికలలో పలువురు కృష్ణా తుంగభద్రల యొడ్డు పల్లెలనుండి వచ్చినవారు. వారిలో కొందరిని "మీ ఊరేది?" అని యడిగినచో, ఇప్పుడున్న యూరి పేరు చెప్పి, క్షణకాల మాగి, "మా పాత యూరు నీళ్లలో నున్నది" అని మరియొక మాట చేర్తురు. ఈ "పాత యూరు" అను మాట మన సీమలో నలువదేండ్లకు పైగా వాడుకలో నున్నది. నా తల్లి పుట్టినిల్లును అట్టి పాత యూరే. అయినను ఈ వ్యాసమున నేను ముఖ్యముగా వ్రాయదలచినది ఆ యూరిని గూర్చి కాదు. ఆ చుట్టుపట్ల పల్లెలన్నిటికిని పెద్దదిక్కుగా నుండిన సంగమేశ్వరుని గూర్చియు, ఆయన గుడిని ముంచిన శ్రీశైల జలాశయమును గూర్చియు వ్రాయదలచితిని.

సంగమేశ్వరము నేటి నంద్యాల జిల్లాలో, ముచ్చుమర్రి సమీపమున నున్నది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అను నేడు నదులు అచ్చట కలియునని పెద్దలు చెప్పుదురు. భూగోళము చదివిన విద్యార్థులు వెంటనే ఆక్షేపింపవచ్చును. ఏలయనగా భీమయు, మలాపహారిణియు ఎంతో ఎగువనే కృష్ణలో కలిసిపోవుచున్నవి. తుంగయు భద్రయు ఒక్కటియై తుంగభద్ర యగుటయు మన రాష్ట్రమున కావలనే జరుగును. నిజమే. కాని ఆ నీరన్నియు ఆ తావునకు చేరుచున్నవి గదా! భవనాశి యొక్కటియే చిన్నదైనను తన పేరు తాను నిలుపుకొని అచ్చటి వరకు వచ్చి కృష్ణలో పడును. మిగిలినవన్నియు స్త్రీ నదులనియు, భవనాశి మాత్రము పురుషుడనియు మా అమ్మమ్మ చెప్పెడిది.

స్థలపురాణము ప్రకారము ఆ లింగమును ప్రతిష్ఠించినవాడు ధర్మరాజు. లింగమును దెచ్చుటకు కాశికి పోయిన భీముడు ముహూర్తమునకు రాకపోగా, వేపమొద్దునే లింగముగా మలచి ప్రతిష్ఠించెనట. తరువాత వచ్చిన భీముడు కినిసి తాను దెచ్చిన లింగమును నదిలో విసరివేసెననియు, తమ్ముని యలుక తీర్చుటకై ముందుగా భీమలింగమును సేవించిన పిమ్మటనే తన లింగమును దర్శింపవలెనని ధర్మరాజు నియమము చేసెననియు కథ. రాతిలింగములు పెక్కుచోట్ల గలవు. కొయ్యలింగమునకు పూజ జరుగు క్షేత్రములు మిక్కిలి యరుదు.

ఇక జలాశయపు సంగతి. శ్రీశైలము కడ కృష్ణకు అడ్డుకట్ట వేయుటకు 1963వ సంవత్సరము జూలై మాసమున జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. నల్లమల కొండల నడుమ ఇరుకైన లోయలో 145 మీటర్ల యెత్తున, 512 మీటర్ల పొడవున ఆనకట్ట లేచెను. దానికి పండ్రెండు గేట్లు. మొదట దీనిని విద్యుచ్ఛక్తి కొరకే తలపెట్టిరి. కుడిగట్టున 770, ఎడమగట్టున భూగర్భమున 900 మెగావాట్ల విద్యుత్కేంద్రములు వెలసినవి. తరువాత పోతిరెడ్డిపాడు తూముల గుండ నీరు బనకచెర్లకును, అచ్చటనుండి వెలుగోడు జలాశయమునకును, తెలుగు గంగ కాలువలకును పోవ నారంభించెను. కరవు అను మాట వినని సంవత్సరము లేని సీమకు ఈ నీరు ఎట్టిదో ఈ పత్రికను చదువు తలిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. ఆనకట్టను నిందించుటకు నేను పూనుకొనలేదు. మా యింట అన్నము ఆ నీటివలననే యుడుకుచున్నది.

జలాశయము నిండినపుడు నీటి మట్టము సముద్రమునకు 885 అడుగుల యెత్తున నుండును. ఆ యెత్తునకు దిగువన నున్న దంతయు మునుగవలసినదే. అందు నూటికి పైబడిన గ్రామములు, సుమారు లక్షమంది జనులు, శతాబ్దముల నాటి దేవాలయములు నుండెను. అప్పుడు దేవుళ్ల విషయమున ఒక తర్కము బయలుదేరెను. గుడిని కదల్పవచ్చునా?

పురావస్తు శాఖవారికి ఇది కొంతవరకు సాధ్యమైన పనియే. గోడలోని ప్రతి రాతికి నంకె వేయుదురు, పటము గీయుదురు, రాళ్లను విడదీసి కొనిపోయి, అంకెల వరుసనే మరల పేర్చుదురు. కూడవెల్లిలోని చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయము ఇట్లే అలంపురమునకు చేరెను. పాపనాశి దేవాలయములును ఆ చేరువకే పోయినవి. శిల్పములకు పేరుపడిన రూపాల సంగమేశ్వరాలయము కర్నూలు దాపుననున్న జగన్నాథగట్టు మీదికి ఎక్కెను. అలంపురములోని నవబ్రహ్మ ఆలయములను కదల్పక, నీరు రాకుండ అడ్డుగోడ కట్టిరి. ఇది గొప్ప పనియే. ఆ రాళ్లు నేడు మనకు కానవచ్చుచున్నవన్న ఆ శ్రమ వలననే.

కాని భక్తుడు అడుగు ప్రశ్న వేరు. విగ్రహమును తరలింపవలసి వచ్చినపుడు దానియందలి కళను కలశమున కాకర్షించి, మరల వేరొకచో ప్రతిష్ఠించుటకు ఆగమములలో విధి కలదు. అందుచేత దేవుడు కదలడనుట శాస్త్రము కాదు. సంగమేశ్వరుని మాట అట్లు కాదు. ఆయన పేరే సంగమమునుండి వచ్చినది. గుడిని కొండమీదికి ఎక్కింపవచ్చును. నదుల కలయికను ఎక్కింపజాలము. "సంగమము లేని సంగమేశ్వరుడెవరురా?" అని మా అమ్మమ్మ యడిగినదట. ఆమె చదువు రానిది. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన పండితుని నేను నేటివరకు చూడలేదు. వేపలింగము మాత్రము ఉన్నచోటనే యుండి, నీటిలోనికి పోయెను.

రాళ్లకు పడినట్టు మనుష్యుల యిండ్లకు అంకెలు పడలేదు. 1981వ సంవత్సరమున జనులు ఊళ్లు విడిచిరి. దూలములు, వాసములు, ద్వారబంధములు ఊడదీసి బండ్లలో వేసికొని, గోడలు వదలి, ఒకరు ఆత్మకూరు వైపు, ఒకరు నందికొట్కూరు వైపు చెదరిపోయిరి. మా పాత యూరిలో శివాలయముతో బాటు ఒక పీర్ల చావడియు, మాలమాదిగ వాడల నడుమ చిన్న ప్రార్థనాలయమును ఉండెను. ప్రార్థనాలయపు గంటను దింపి తీసికొనిపోయిరి. దాని వెనుకనున్న సమాధులను ఎవరు తీసికొనిపోగలరు? అవియు ఇప్పుడు సంగమేశ్వరునితో బాటే యున్నవి. ముంపునకు గురియైన కుటుంబములకు ఉద్యోగములిచ్చుటకై 1986లో 98వ సంఖ్యగల ఉత్తర్వు వెలువడెను. ఆ యుత్తర్వు పేరిటనే దశాబ్దముల తరబడి విజ్ఞాపనములు చేతబట్టుకొని తిరిగినవారు మన జిల్లాలో వేనవేలు. "తొంబది యెనిమిది" అన్న చాలును, మా వైపు అందరకును తెలియును.

ఇట్టి చిక్కు కృష్ణమీద ఇదియే మొదటిది కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినపుడు, ఇక్ష్వాకుల నాటి విజయపురి, అందలి బౌద్ధ విహారములు మునుగవలసి వచ్చెను. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు సాగించి, దొరికిన వానిని కొండమీదికిని, అనుపునకును చేర్చిరి. అచ్చట పండితులు వగచిరి. కాని ఆ లోయలో బౌద్ధ భిక్షువు గంట మ్రోగించి అప్పటికి ఎన్నో శతాబ్దములైనది. సంగమేశ్వరమున ముంపునకు ముందటి దినము కూడ దీపము వెలుగుచునే యుండెను. చరిత్రను తరలించుటకును, నడచుచున్న పూజను తరలించుటకును గల భేదమిది.

ఇరువదేండ్లకు పైగా గుడి కంటబడలేదు. 2003వ సంవత్సరమున కరవువలన జలాశయము బాగుగా తగ్గగా శిఖరము పైకి వచ్చెను. ఆ వార్త ఊళ్లమీద ఎట్లు ప్రాకినదో నాకు జ్ఞాపకమున్నది. నాటినుండి సామాన్యముగా ప్రతి వేసవియందును కొన్ని వారములో, కొన్ని మాసములో గుడి బయటపడుచున్నది. బయటపడిన వెంటనే అర్చకులు బురద తీయించి, కడిగించి, పూజ మొదలుపెట్టుదురు. నీరు మరల వచ్చి గర్భగుడిని చేరువరకు నిత్యార్చన జరుగును. ఒక్కొక్క యేడు శివరాత్రికి గుడి పైకి వచ్చును. ఒక్కొక్క యేడు రాదు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక వైశాఖమాసమున మా మేనమామతో నేనచ్చటికి పోయితిని. ఎండిన జలాశయపు నేల పలకలు పలకలుగా పగిలియుండెను. దానిపై రెండు మైళ్లు నడచితిమి. దారిలో మామ ఒకచో నిలిచి, "ఇది ఫలానావారి కళ్లము," మరియొకచో, "ఇది మా బావి" అని చూపుచు వచ్చెను. నాకు బురద తప్ప మరేమియు కానరాలేదు. గుడి ప్రాకారము శిథిలమైనది. గర్భగుడి నిలిచియున్నది. లోపల వేపలింగము నల్లగా, నునుపుగా నుండెను. ఇన్నేండ్లు నీటనుండియు అది చెడకుండుట దైవమహిమ యని జనులు నమ్ముదురు. విజ్ఞానశాస్త్రము చదువు పిల్లలు నన్నడుగుదురని తెలిసియే ఈ మాట వ్రాయుచున్నాను. కొయ్యను కుళ్లజేయు బూజునకు గాలి కావలయును. పూర్తిగా నీట మునిగిన కొయ్యకు గాలి సోకదు గనుక అది చిరకాలము నిలుచును. అయితే ఏటేట తడిసి ఏటేట ఆరు కొయ్యకు ఈ న్యాయము చక్కగా అన్వయింపదు. అంతకు మించి నేను వాదింపను.

దర్శనమైన పిమ్మట మెట్లమీద కూర్చుండి, "మామా, ఏమి మ్రొక్కితివి?" అని యడిగితిని. మామకు వెలుగోడు కాలువ క్రింద మూడెకరముల మాగాణి కలదు. ఆయన నవ్వి, "ఏం మొక్కేది నాయనా! రిజర్వాయరు నిండాలని మొక్కినా. నిండితే నా మూడెకరాలు పండుతాయి, సామి మునుగుతాడు. నిండకపోతే సామి కనపడతాడు, వరి ఎండుతాది. ఆయప్ప ముందర నిలబడి ఆయప్పనే ముంచమని అడిగినట్టాయె" అనెను.

ఇంటికి వచ్చి నేను లెక్కలు చూచితిని. పోతిరెడ్డిపాడు తూముల అడుగుమట్టము 841 అడుగులు. జలాశయము అంతకు దిగినచో కాలువకు చుక్కనీరు పోదు. అందుకే నీటిమట్టము 854 అడుగులకు తగ్గనీయరాదని సీమ రైతులు చాలకాలముగా కోరుచుండిరి. సంగమేశ్వరుని గుడి బాగుగా బయటపడుటకు నీరు సుమారు 840 అడుగులకు దిగవలెను. అనగా కాలువ మూతపడుచోటనే గుడి తలుపు తెరచుకొనుచున్నది! ఎవరును కావలెనని చేసిన యేర్పాటు కాదిది. అయినను మా మామ మెట్లమీద పలికిన మాటను ఈ రెండంకెలును అక్షరాల చెప్పుచున్నవి.

ఇట్టి తగవులు ఇతర దేశములలో నెట్లు తీరినవని వెదకగా, హరిద్వారపు వృత్తాంతము నా కంటబడినది. 1854లో గంగా కాలువ తెరచిన కాట్లీ అను నింజనీరుతో, కట్టుబడిన గంగ గంగ కాదని అచ్చటి పండాలు వాదించిరి. ఆయన అడ్డుకట్టలో నీరు అడ్డము లేక పోవుటకు సందు విడిచి, స్నానఘట్టములు బాగుచేయించి, వినాయకపూజతో పని నారంభించెను. (ఆ కాలువ యమరికను తరువాత గట్టిగా విమర్శించినవాడు మన ధవళేశ్వరపు కాటన్ దొరయే.) మరల క్రొత్త యానకట్ట సంకల్పింపగా మదనమోహన మాలవ్యా మొదలగువారు కదలిరి. 1916 డిసెంబరులో ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరెను. హరికీ పైడీ ఘట్టము మీదుగా సెకనుకు వేయి ఘనపుటడుగుల నీరైన నిరాటంకముగా పోవలెనని నిశ్చయించిరి. అందులో నమ్మికకును కాలువకును చెరియొక పాలు దొరకినది.

సంగమేశ్వరమునకు అట్టి ఒడంబడిక కుదురునా యని నేను చాలదినము లాలోచించితిని. కుదరదని తోచినది. హరిద్వారమున వివాదము ప్రవాహమును గూర్చినది. ప్రవాహమును పాళ్లు వేసి పంచవచ్చును. ఇచ్చటి వివాదము మట్టమును గూర్చినది. ఒక జలాశయమున ఒక దినమున ఒక్క మట్టమే యుండును. 1963లోనో, అంతకు ముందో ఆనకట్ట యెత్తు నిర్ణయించునాడు ఊళ్లవారిని పిలిచి యడిగియుండిన వేరొక మార్గము తోచియుండునేమో! మా పెద్దలలో నెవరిని నడిగినను, తమ్ము నట్లు పిలిచినట్టు జ్ఞాపకము లేదనిరి. చాటింపు విన్నట్టు మాత్రము అందరకు జ్ఞాపకమున్నది.

మా తల్లి నేటివరకు ఆ గుడికి రాలేదు. వేసవిలో మేము బయలుదేరుచుండ టెంకాయయు కర్పూరమును ఇచ్చి పంపును. తాను మాత్రము గడప దాటదు. కారణమడిగితే, నడవలేననును. మా మామ మాత్రము జ్యేష్ఠమాసము వచ్చినది మొదలు వార్తాపత్రిక విప్పగనే శ్రీశైలపు నీటిమట్టము అచ్చువేసిన చోటు వెదకును. జూరాల నుండి ఎంత నీరు వచ్చుచున్నది, సుంకేసుల నుండి ఎంత, నేడు ఎన్ని యడుగులు, నిన్న ఎన్ని యని వ్రేళ్లమీద లెక్కించును. 840 దాటినదని చదివిన దినమున నారుమడికి దున్నుటకు మనిషిని పిలిపించును. ఆ సాయంకాలమే స్నానము చేసి, సంగమేశ్వరమున్న దిక్కునకు మొగమై హారతి ఇచ్చును.