ఎక్స్‌రే చీటీలో లేని ఊరు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాలకు రెండు పక్కలా స్కానింగ్ సెంటర్ల బోర్డులే. వాటి మెట్లెక్కేవారంతా చైతన్యపురి, కొత్తపేట కాలనీలవారే అనుకుంటే పొరపాటు. విజయవాడ హైవే మీద సూర్యాపేట, చౌటుప్పల్ బస్సులకూ, సాగర్ రోడ్డు మీద దేవరకొండ, మాల్ బస్సులకూ నగరం వాకిలి ఎల్బీనగరే. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి అంటూ ఉమ్మడి నల్గొండ జిల్లా పెద్దవాళ్ళు ఎందరో ఈ దారిలోనే ఫిల్ములు తీయించుకుంటారు. ఎక్స్‌రేలు, సీటీలు చదివే కృత్రిమ మేధ గురించి మాట్లాడేటప్పుడు వైద్యులమైన మేం ఈ సంగతి మరిచిపోతున్నామని నా ఆందోళన. మిషను ఎంత తెలివైనదని అడుగుతున్నాం. ఎవరి ఎముకలు చూసి నేర్చుకుందని మాత్రం అడగడం లేదు.

నల్గొండ ఎముకల సంగతి నీళ్ళతో మొదలవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన బోరునీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు చిక్కబడతాయి, వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లకు సున్నం పడుతుంది. మన దేశంలో ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్, వైద్య పత్రికలకు ఎక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. నల్గొండ రోగుల గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇప్పుడు ఊళ్ళకు కృష్ణా నీళ్ళు వస్తున్నా, పాతవాళ్ళ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తేలిగ్గా వదిలిపోదు. అలాంటి పెద్దాయన నడుం ఫిల్ములో వెన్నుపూసలు, కటి ఎముకలు సుద్దలా తెల్లగా కనిపిస్తాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా కనిపించేది ఆ తెలుపే. ఈ ప్రాంతం తెలిసిన రేడియాలజిస్టు ముంజేతి ఫిల్ము కూడా తీయమంటారు. అక్కడి రెండు ఎముకల మధ్య పొరకు సున్నం పడితే అది ఫ్లోరోసిస్‌కు గట్టి సాక్ష్యం. అయినా రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండొచ్చు గనుక ప్రొస్టేట్ కోసం పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయిస్తారు. అన్నిటికన్నా ముందు, మీదే ఊరు, ఏ నీళ్ళు తాగి పెరిగారు అని అడుగుతారు. చీటీ మీద వయసు ఉంటుంది, ఆడో మగో ఉంటుంది. ఊరు మాత్రం సాధారణంగా ఉండదు.

మిషను తనకు చూపించిన ఫిల్ముల నుంచే నేర్చుకుంటుంది. ఒక్కోసారి మనం నేర్పాలనుకోనిది కూడా నేర్చుకుంటుంది. న్యుమోనియా పట్టుకోవడానికి అమెరికాలో తయారుచేసిన ఒక ప్రోగ్రామును 2018లో పరీక్షించారు. ఏ ఫిల్ము ఏ ఆసుపత్రిదో అది దాదాపు తప్పు లేకుండా కనిపెట్టింది. ఒక ఆసుపత్రిలో న్యుమోనియా ఎక్కువ, మరోచోట తక్కువ కావడంతో, ఊపిరితిత్తులతో పాటు ఆసుపత్రి గుర్తుల మీద కూడా ఆధారపడింది. బయటి ఆసుపత్రి ఫిల్ములు ఇస్తే పనితనం తగ్గింది. ఒకే దేశంలో ఇలా ఉంటే, నల్గొండ జిల్లా మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఎముకలు ఎదురైనప్పుడు ఎలా ఉంటుందన్నది పరీక్షించి తేల్చుకోవాల్సిన విషయం.

రేడియాలజిస్టులు చాలినంతమంది లేని చోట ఇలాంటి సందేహాలు అడ్డుపుల్లలని కొందరు మిత్రులంటారు. ఆ వాదనలో బలముంది. ఢాకాలో సుమారు 24 వేలమంది ఛాతీ ఎక్స్‌రేలతో అయిదు ప్రోగ్రాములను పరీక్షిస్తే, టీబీ గుర్తించడంలో అయిదూ అక్కడి రేడియాలజిస్టుల కన్నా మెరుగ్గా నిలిచాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 15 ఏళ్ళు పైబడినవారి టీబీ స్క్రీనింగుకు వీటిని వాడొచ్చంది. నేను కూడా వాడమనే అంటాను. అయితే ఆ ఢాకా పరీక్షలోనే పెద్ద వయసువారిలో, పూర్వం టీబీ వచ్చి తగ్గినవారిలో ఇవి వెనకబడ్డాయి. మానిన మచ్చకూ రగులుతున్న జబ్బుకూ తేడా చెప్పడం వాటికి కష్టమైంది. పాత టీబీ మచ్చ మన దగ్గర అరుదైన సంగతా? అనుమానపు గీత ఎక్కడ గీయాలో స్థానికంగా పరీక్షించి నిర్ణయించుకోండని ప్రపంచ ఆరోగ్య సంస్థే పద్ధతి కూడా తయారుచేసి ఇచ్చింది.

చివర సంతకం పెట్టేది డాక్టరే కదా, తప్పుంటే దిద్దుతారు అన్నది ఇంకో సమాధానం. దీన్ని నేను ఒప్పుకోలేను. 2023లో అచ్చయిన ఒక జర్మన్ అధ్యయనంలో 27 మంది రేడియాలజిస్టులకు మామోగ్రాములు ఇచ్చి, కొన్నిటికి కావాలనే తప్పు సలహాను ఏఐ చెప్పినట్టు చూపించారు. సలహా సరిగ్గా ఉన్నప్పుడు బాగా అనుభవమున్నవారు నూటికి 82 సరిగ్గా చదివారు. తప్పుగా ఉన్నప్పుడు 45కు పడిపోయారు. అనుభవం తక్కువైనవారు సుమారు 80 నుంచి 20కి జారారు. సాయంత్రం ఓపీ వేళ, బయట బెంచీలు నిండి ఉండగా, తెర మీద ఎర్రగా గుర్తు పెట్టిన చోటును కాదనడానికి ఎంత నిబ్బరం కావాలో మా వృత్తివారికి తెలుసు. సంతకం ఒక్కటే రక్షణ అనుకోవడం రోగికి అన్యాయం.

స్థానిక పరీక్షకు ఖర్చవుతుందంటారు గానీ, దానికి కావలసిన ఫిల్ములు మన సెంటర్ల కంప్యూటర్లలోనే ఉన్నాయి. జబ్బు రూఢి అయిన కొన్ని వందల పాత కేసులను, ఫ్లోరోసిస్ ఎముకలూ మానిన టీబీలూ తప్పనిసరిగా ఉండేలా, పేర్లు తీసేసి మిషనుకు ఇచ్చి చూడాలి. కొనేముందే ఈ పని జరగాలి. పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో 2022లో శంకుస్థాపన జరిగిన టిమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రి ఈ బాధ్యత తీసుకుంటే చిన్న సెంటర్లకూ దారి దొరుకుతుంది. ఈలోగా రోగులకూ, వెంట వచ్చే పిల్లలకూ నా విన్నపం: స్కానింగుకు వెళ్ళేటప్పుడు పాత ఫిల్ములు పట్టుకెళ్ళండి. అడిగినా అడగకపోయినా పుట్టి పెరిగిన ఊరు పేరు, ఎన్నేళ్ళు బోరునీళ్ళు తాగారన్నదీ, ఎప్పుడైనా టీబీ మందులు వాడారా అన్నదీ చెప్పి చీటీ మీద రాయించండి.