చీమల వరసలో సాలీడు

మామిడాకులు కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల మధ్య ఒక్కోసారి ఒక సాలీడు కూడా తిరుగుతుంటుంది. మామూలు కంటికి అదీ చీమే. సన్నటి నడుం, అదే రంగు, పైగా ముందుకాళ్లు రెండూ మీసాల్లా ఎత్తి ఆడిస్తుంది. మాక్రో లెన్స్‌లోంచి చూస్తే గానీ ఎనిమిది కాళ్లు, ముఖం మీద పెద్ద కళ్ల జత బయటపడవు. మగదాని కోరలు ఎంత పొడుగంటే, ఒక చీమ ఇంకో చీమను మోసుకెళ్తున్నట్టే ఉంటుంది! ఆ చీమల కాటుకు జడిసి చాలా జీవులు వాటి జోలికి రావు. ఆ భయమే దీనికి రక్ష.

దీన్ని అసలు సైజులో ఫోటో తీస్తే ఎఫ్/11 అపర్చర్ దగ్గర కూడా ఫోకస్‌లో ఉండేది 2 మిల్లీమీటర్ల లోపే. కళ్లు దొరికితే కాళ్లు మసక. నేనెప్పుడూ కళ్లనే ఎంచుకుంటాను. ఇదీ గెంతే సాలీడే. గెంతే సాలీళ్ల పెద్ద కళ్లలో రెటీనా లోపలే కదులుతుంది. సూటిగా మనల్ని చూసినప్పుడు కన్ను నల్లబడుతుంది, చూపు పక్కకు తిప్పితే రంగు మారుతుంది. ఎంత చూసినా తనివి తీరదు నాకు.

ఒక్క మాట. ఫోటో కోసం పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, జిగురుతో అంటించకండి. తెల్లవారుజామున వెళ్లండి, ఆ చలికి అవే నెమ్మదిగా ఉంటాయి.