సర్కారు వకీలు

కాలువ కింద పొలం పోయింది. ఇచ్చిన పరిహారం చాలలేదని మోర్తాడ్ రైతు ఒకాయన హైకోర్టుకెక్కాడనుకోండి. అవతలి పక్షం సర్కారు. ఆ సర్కారు తరఫున వాదించే వకీళ్లందరికీ పెద్ద... అడ్వకేట్ జనరల్. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం గవర్నర్ నియమిస్తారు. శాసనసభలో మాట్లాడొచ్చు, ఓటు ఉండదు. ముఖ్యమంత్రి మారితే మామూలుగా ఆయనా సర్దుకోవలసిందే.

అలాంటి కుర్చీలో పదిహేనేళ్లు కూర్చున్నారు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్!

1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టారు. తండ్రి ఏకామ్రశాస్త్రి పురోహితుడు. మద్రాసులో చదువుకుని అక్కడే నల్లకోటు వేసుకున్న అల్లాడి, 1929లో మద్రాసు ప్రెసిడెన్సీకి అడ్వకేట్ జనరల్ అయ్యారు. 1937లో రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది, 1939లో రాజీనామా చేసింది. ఆపైన గవర్నర్ పాలన. అల్లాడి మాత్రం 1944 దాకా కదల్లేదు. మధ్యలో 'సర్' బిరుదు కూడా అందుకున్నారు.

తెల్లదొరల సర్కారుకు వాదించిన మనిషికి స్వతంత్ర భారత రాజ్యాంగంతో ఏం పని? ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది. కానీ 1947లో ఏర్పడిన ఏడుగురు సభ్యుల ముసాయిదా కమిటీలో ఆయనా ఒకరు. తనకన్నా సమర్థులు ఆ కమిటీలో ఉన్నారంటూ 1949 నవంబరు 25న అంబేద్కర్ చెప్పింది అల్లాడి పేరే.

అయితే సర్కారు వకీలు అలవాటు ఒకచోట తొంగిచూసిందేమో! మనిషి స్వేచ్ఛను హరించడానికి చట్టంలో ఓ పద్ధతి ఉంటే చాలా, ఆ పద్ధతి న్యాయమైనదో కాదో కోర్టు కూడా చూడాలా? 1948 డిసెంబరు చర్చలో అల్లాడి మొదటి పక్షానే నిలిచారు. కోర్టులకు మరీ అధికారమిస్తే పేదల మేలుకోరి చేసే చట్టాలకు అవి అడ్డుపడతాయని ఆయన భయం. అమెరికాలో అలా జరిగింది కూడా. కానీ విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లకు ఆ పక్షం భారమైంది. 1950లో ఎ.కె.గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు చట్టంలోని పద్ధతి చాలంది. 1978లో మేనకాగాంధీ కేసులోగానీ దారి మార్చుకోలేదు. ఆ పద్ధతి న్యాయంగానూ ఉండాలంది.

ఓటు సంగతికొచ్చేసరికి ఆయన వేరే మనిషి. చదువు, ఆస్తి చూడకుండా వయోజనులందరికీ ఓటివ్వడం సామాన్యుడి మీద నమ్మకంతోనేనని సభలో గట్టిగా చెప్పారు. 1948 సెప్టెంబరు దాకా నిజాం ఏలుబడిలో ఉన్న మోర్తాడ్ రైతుకూలీ తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓటేశాడంటే, ఆ నమ్మకం చలవే.

1953 అక్టోబరు 3న అల్లాడి కన్నుమూశారు. ఒక కుమారుడు రామకృష్ణన్ భౌతికశాస్త్రం వైపు వెళ్లి 1962లో మద్రాసులో గణితశాస్త్ర పరిశోధన సంస్థ పెట్టారు. ఇంకో కుమారుడు కుప్పుస్వామి తండ్రి బాటే పట్టారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అప్పట్లో మోర్తాడ్ పొలాల తగాదాలు పైకెక్కితే చేరేది ఆ కోర్టుకే.