అతుకు లోపలి నుంచి వేయాలి



ఈ వారం కారు సీట్ల గురించి రాస్తున్నాను. నవ్వకండి. సంఘానికి ఉన్న పాత కారు మీ అందరికీ తెలిసిందే. దాని లెదర్ సీట్లు బాగా పాతబడ్డాయి. డ్రైవరు సీటు అంచు బీటలు వారింది. వెనక సీటు ఎడమ పక్క కుట్టు విడిపోయి లోపలి ఫోమ్ బయటికి కనబడుతోంది. కమిటీలో రెండు మాటలు వచ్చాయి. క్రిస్మస్ లోపల సీట్లన్నీ కొత్తవి వేయించేద్దామని కొందరన్నారు. అంత డబ్బు ఎందుకు, పైన ఒక కవరు తొడిగితే చిరుగు కనబడదు కదా అని ఇంకొందరన్నారు. జవాబు కోసం వెతుకుతుంటే సీటు కంటే పెద్ద సంగతి ఒకటి బయటపడింది. అందుకే ఈ ధ్యానం.

ముందు ఒక మాట. సీటు ఎక్కడ అరిగిందో చూస్తే అందులో ఎవరు కూర్చున్నారో తెలుస్తుంది. డ్రైవరు సీటు బయటి అంచు ముందు పోతుంది, ఎందుకంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి బరువంతా ఆ అంచు మీద రాసుకుంటుంది. మన కారులో వెనక ఎడమ పక్క ఎందుకు పోయిందో మీకు చెప్పక్కర్లేదు. రాయవేలూరు ఆసుపత్రికి పోయే అవ్వలూ తాతలూ తలుపు పట్టుకుని, మెల్లగా జరుగుతూ ఎక్కేది అక్కడే. నెలలు నిండిన ఆడబిడ్డలు ఒరిగి కూర్చున్నదీ అక్కడే. మామిడి కాలంలో మార్కెట్ యార్డు పక్కన ఎండలో నిలబెట్టిన రోజులున్నాయి. ఎండ, దుమ్ము, చెమట మూడూ కలిస్తే ఎంత మంచి తోలైనా ఎండిపోయి పగులుతుంది. ఆ అరుగుదల చూసి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ కారు చేసిన సేవ అక్కడ రాసి ఉంది.

మన సంఘంలో ఒక తమ్ముడు చిత్తూరులో కుషన్ షాపులో పని చేస్తాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి సీటు చూశాడు. పైపైన చూడలేదు. సీటు కిందికి చెయ్యి పెట్టి, విడిపోయిన కుట్టు దగ్గర అంచు తిరగేశాడు.

"అయ్యగారూ, పైన చూస్తే ఏమీ తెలీదు. తిరగేసి చూడాల. లోపల నేసిన గుడ్డ కనిపిస్తే రెగ్జిను. నూగు మాదిరి పోగులు కనిపిస్తే తోలు" అన్నాడు.

చూస్తే మన సీట్లో మనిషి ఆనుకునే నడుమ భాగం మాత్రమే తోలు. పక్కలూ వెనక భాగమూ రెగ్జిను. లెదర్ సీట్లు అని చెప్పి అమ్మే చాలా కార్లలో ఇలాగే ఉంటుందట. ఈ తేడా తెలియకుండా బాగు చేయడం మొదలుపెడితే డబ్బు దండగ. తోలు పగిలితే చాలాసార్లు పగిలేది పైనున్న రంగు పొర. కింద తోలు ఇంకా గట్టిగానే ఉంటుంది. దాన్ని బాగు చేసుకోవచ్చు. రెగ్జిను అలా కాదు. అది పొట్టు లేచి ఊడిపోవడం మొదలుపెడితే ఏ జిగురూ నిలబడదు. ఆ ముక్క విప్పి కొత్తది కుట్టాల్సిందే. అన్నిటినీ బాగు చేయాలనడం భక్తి కాదు, అన్నిటినీ పారేయాలనడం తెలివి కాదు. ఏది ఏదో తెలుసుకోవడానికి తిరగేసి చూడాలి.

ఆ తర్వాత అతను చెప్పిన పని పద్ధతి రాస్తాను, మీ బండ్లకూ పనికొస్తుంది. కుట్టు మాత్రమే విడిపోతే పాత రంధ్రాల్లోనే మళ్లీ కుట్టాలి. పక్కన కొత్త రంధ్రాలు పొడిస్తే ఆ వరస వెంబడే తోలు చిరుగుతుంది. నూలు దారం చెమటకు కుళ్లిపోతుంది, నైలాన్ దారమో పాలిస్టర్ దారమో వాడాలి. ఫోమ్ కుంగిపోయి ఉంటే ముందు ఫోమ్ సరిచేయాలి. కుంగిన ఫోమ్ మీద ఎంత ఖరీదైన తోలు వేసినా అదే చోట ముడత పడి, అదే చోట మళ్లీ పగులుతుంది. చిరుగు ఉంటే దాని లోపలికి మెత్తని గుడ్డ దూర్చి, వంగినా విరగని జిగురుతో అంచుల్ని ఆ గుడ్డకు అతికించి, ఆరేదాకా బరువు పెట్టాలి. ఆ తర్వాతే పైన సన్నగా పూత, రంగు.

"పైన ముక్క వేసి కుట్టేయొచ్చు కదా?" అని కమిటీ పెద్దాయన ఒకరు అడిగారు.

"గట్టి ముక్క వేసి కుడితే అది లాగుతుంది సార్. దాని చుట్టూ పాత తోలు చిరుగుతుంది. మొదటి చిరుగు కంటే అది పెద్దదవుతుంది. అతుకు లోపలి నుంచి వేయాల" అన్నాడు.

ఆ మాటకు నాకు మత్తయి సువార్త తొమ్మిదో అధ్యాయం గుర్తొచ్చింది. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే ఏమవుతుందో, పాత తోలు తిత్తుల్లో కొత్త ద్రాక్షారసం పోస్తే ఏమవుతుందో ప్రభువు అక్కడ చెప్పాడు. గుడ్డకూ తోలుకూ ఉండే గుణం ఎరిగిన మాట అది. వడ్రంగి ఇంట్లో పెరిగినవాడికి పనివాళ్ల సంగతులు తెలుసు.

బెంగళూరులో కొత్త కార్లు కొనుక్కున్న బిడ్డలు ఒకటి గమనించండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న చీటీ కుట్టి ఉంటే, ఆ సీటుకు మామూలు కవరు తొడిగించొద్దు. ప్రమాదం జరిగినప్పుడు ఆ సంచి సీటు కుట్టును చీల్చుకుని బయటికి రావాలి. ఆ చోట గట్టి కవరు కప్పినా, తెలియనివాళ్లు గట్టి దారంతో కుట్టినా అది సరిగా తెరుచుకోకపోవచ్చు. అలాంటి సీటు పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. ఇంకొకటి, మెరుపు కోసం కొబ్బరినూనె పూయొద్దు. రెండు రోజులు మెరిసి, ఆ తర్వాత దుమ్మంతా పట్టుకుంటుంది. తడి గుడ్డ, కొంచెం మెత్తని సబ్బు నీళ్లు, నీడలో బండి నిలపడం, ఇవి చాలు.

కొత్త తోలు వేయిద్దాం అనేవాళ్లకు ఇంకో మాట. తోలు ఊరికే రాదు. మనకు దగ్గరలోనే రాణిపేట, ఆంబూరు, వాణియంబాడిలో తోళ్ల శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి. ఎన్నో వేల ఇళ్లకు అవే అన్నం పెడుతున్నాయి. కానీ అవి వదిలిన నీళ్లు పాలారును ఎంత పాడు చేశాయంటే ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. పాడు చేసినవాళ్లే దాని ఖర్చు భరించాలని 1996లో కోర్టు తీర్పు చెప్పింది. మన కుప్పం పక్క నుంచి పారే ఏరే ఆ పాలారు. ఇంకో పదేళ్లు వచ్చే తోలును పారేసే ముందు ఆ ఏటిని కూడా తలుచుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

పని అంతా మాట్లాడుకున్నాక, తమ్ముడి పేరు ఆదివారం సంఘంలో చెప్పి ప్రార్థన చేద్దామన్నాను. అతని ముఖం మారిపోయింది. "వద్దు అయ్యగారూ. పెళ్లి మాటలు నడస్తా ఉండాయి. కారు డెకరేషన్ షాపు అని చెప్పినాము. తోలు పని అని తెలిస్తే బాగుండదు" అన్నాడు. అంతసేపూ అంత ధైర్యంగా మాట్లాడిన బిడ్డ, ఆ ఒక్క మాట దగ్గర తల దించుకున్నాడు.

అతని తాతలు తోలు పని చేసినవాళ్లు. మన సంఘంలో చాలా కుటుంబాలది అదే చరిత్ర. మోటార్లు రాకముందు మన పొలాలన్నీ కపిలతో తడిసేవి. ఎద్దులు వాలు దిగుతూ బాన పైకి లాగితే, దాని అడుగున కట్టిన తోలు తొండంలోంచి నీళ్లు కాలవలోకి దూకేవి. ఆ తొండం కుట్టింది మాదిగ పల్లెలోని చేతులు. తంగేడు చెక్క నీళ్లలో తోలు ఊరబెట్టి, ఆరెతో పొడిచి, చుక్క నీరు కారకుండా కుట్టేవాళ్లు. చెరకు పండింది, గానుగ ఆడింది, బెల్లం బండ్లెక్కింది. కానీ తొండం కుట్టిన మనిషికి అదే బావిలో చెయ్యి పెట్టి నీళ్లు చేదుకునే హక్కు ఉండేది కాదు. చిరుగు ఎక్కడుందో ఇప్పుడు చూడండి. అది ఆ చేతుల్లో లేదు.

ఆ తమ్ముడితో నేను పేతురు గురించి మాట్లాడాను. అపొస్తలుల కార్యముల్లో పేతురు యొప్పేలో చాలా రోజులు ఎవరింట్లో ఉన్నాడు? చర్మకారుడైన సీమోను ఇంట్లో. ఆ ఇల్లు సముద్రం పక్కన ఉండేదని లేఖనం చెబుతుంది. చచ్చిన జంతువులను ముట్టుకుంటే అపవిత్రత అనుకునే సమాజంలో తోలు పనివాడి ఇంటికి గౌరవం ఎంత ఉంటుందో మన పల్లెలవాళ్లకు వేరే చెప్పాలా? ఏ మనిషినీ అపవిత్రుడని అనకూడదని పేతురు నేర్చుకున్నది యెరూషలేము దేవాలయంలో కాదు, ఆ సీమోను మిద్దె మీద. కొర్నేలి పంపిన మనుషులు వచ్చి నిలబడిందీ ఆ సీమోను వాకిట్లోనే.

మన తెలుగు సంఘం చరిత్ర కూడా అంతే. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మనిషి. ఆయన ఊరూరూ తిరిగి సువార్త చెప్పాడు. పెద్ద కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది అక్కడ బాప్తిస్మం పొందారు. చాలామంది మాదిగ కుటుంబాలవాళ్లే. ఆ ప్రజల గురించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అనే మిషనరీ అమ్మ 1899లో ఒక పుస్తకం రాసింది. దాని పేరు 'వైల్ సోయింగ్ శాండల్స్'. చెప్పులు కుడుతూ ఉండగా అని అర్థం. చెప్పులు కుట్టే చోట మొదలైన విశ్వాసం మనది. దాని మీద కవరు తొడిగి ఎవరికి దాచిపెడతాం?

అయినా ఆ తమ్ముడిని నేను బలవంతం చేయలేదు. పేరు చెప్పుకుంటే పోయేది నాకు కాదు, అతనికి. చిరిగిన చోట గట్టిగా లాగితే ఇంకా చిరుగుతుంది. అతని అవ్వకు మాత్రం ఈ మాట చేరింది. బుధవారం ప్రార్థన కూడికలో, ఎవరూ అడగకుండానే, సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడింది. "మా మామ కుట్టిన తొండంతో ఈ ఊర్లో ఎన్ని ఎకరాలు తడిసినాయో నాకు తెలుసు. ఆయన ఆరె ఇంకా నా పెట్టెలో ఉండాది. నా మనవడి చెయ్యి కూడా ఆ చెయ్యే" అని చెప్పి కూర్చుంది. అందరం కాసేపు మౌనంగా ఉండిపోయాం. తమ్ముడు వెనక వరసలో ఉన్నాడు. తల దించుకునే ఉన్నాడు గాని, లేచి వెళ్లిపోలేదు.

మరుసటి రోజు ఫోను చేశాడు. "నా పేరు రాయొద్దు అయ్యగారూ. పని గురించి రాయండి" అన్నాడు. అతను ఒప్పుకున్నంత వరకే రాస్తున్నాను. పెళ్లి మాటల కోసం ప్రార్థించండి. నిజం చెప్పినా నిలబడే సంబంధం రావాలని ప్రార్థించండి.

కమిటీ నిర్ణయం ఇది. తోలు ఉన్న చోట లోపలి నుంచి అతుకు వేయిస్తాం, కుట్లు మళ్లీ వేయిస్తాం. పొట్టు లేచిన రెగ్జిను ముక్కలు మాత్రం మారుస్తాం. వెనక సీటు ఫోమ్ కొత్తది. పైన కవరు తొడిగించడం లేదు. మొత్తం సీట్లు మార్చే ఖర్చుతో పోలిస్తే మిగిలే డబ్బు ఆసుపత్రి ప్రయాణాల డీజిలుకు ఉంచుతాం. కూలి మాత్రం పూర్తిగా ఇస్తాం. మన బిడ్డే కదా అని తగ్గించి అడగొద్దు. పనివాని జీతం పట్టి ఉంచకూడదని లేఖనం మనకు నేర్పింది.

ప్రియులారా, మీ ఇంట్లో పాత పెట్టెలో ఆరె గాని, రంపె గాని, తాత కుట్టిన చెప్పు గాని ఉంటే పారేయకండి. ఈ వారం ఒకసారి బయటికి తీసి, తుడిచి, మీ బిడ్డల చేతిలో పెట్టండి. అది ఎవరిదో, దానితో ఏం కుట్టారో చెప్పండి. తోలు పని చేసిన ఇంట్లో అపొస్తలుడు బస చేశాడని కూడా చెప్పండి. మీలో ఎవరికైనా లోపల ఎక్కడో చిరుగు ఉంటే, పైన కప్పుకుని తిరగకండి. మనల్ని చేసినవాడికి మన లోపలి వైపు తెలుసు. ఆయన అతుకు అక్కడి నుంచే వేస్తాడు.

ప్రభువు కృప మీ అందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.