పొయ్యికి ఊయల

2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ‘తారిణి’ అనే తెరచాప నావపై భూగోళాన్ని చుట్టి వచ్చారు. వారిలో మన విశాఖ ఆడపడుచు స్వాతి కూడా ఉన్నారు. అందరూ ఆ సాహసాన్ని మెచ్చుకుంటుంటే నాకు మాత్రం ఒకటే సందేహం – అంత ఊపులో అన్నం ఎలా వండుకున్నారో! మా మావయ్య వేట బోటులో వంట చేస్తాడు. గంజి ఒలికి కాలిన మచ్చలు మోచేతి దాకా ఉన్నాయి.

సముద్రంపై తిరిగే తెరచాప నావల్లో పొయ్యిని కదలకుండా బిగించరు, రెండు ఇరుసులపై వేలాడదీస్తారు. నావ ఏ పక్కకు ఒరిగినా పొయ్యి మట్టంగానే ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, బోటు ఒడ్డున ఉండగా మేమూ ఒకటి కట్టాం. ఇరుసులు ముందొకటి, వెనకొకటి. బోటు ఎక్కువగా ఊగేది పక్కలకే. నిండు గిన్నె పెట్టగానే తిరగబడకుండా పొయ్యి అడుగున ఇనుప దిమ్మ బిగించాం. బరువు ఇరుసులకన్నా కిందే ఉండాలి మరి! గిన్నె జారకుండా చుట్టూ కమ్మీలు. గ్యాస్ గొట్టం మాత్రం కాస్త వదులుగా వదిలాం.

“ఏటిరా, పొయ్యికి ఊయలేటి?” అని నవ్వాడు మావయ్య.

నిషేధం తీరాక వేటకెళ్ళి పదిరోజులకు తిరిగొచ్చాడు. ముందు చేతులే చూశాను. కొత్త మచ్చ లేదు. పులుసు ఇంకా చిందుతోందట, మూతకు కొక్కెం పెట్టమన్నాడు.