మానేసిన మూడో రోజు

మేముండే ఆక్రన్ ఊరికి ఏటా జూన్‌లో వేలమంది వస్తారు. ఒహాయో రాష్ట్రంలో టైర్ల కంపెనీలతో పేరు పడ్డ ఊరిది. వచ్చేవాళ్లు చూసేది మాత్రం ఆర్డ్‌మోర్ అవెన్యూలో డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ కాపురమున్న మామూలు ఇల్లు. 1935 జూన్ 10న ఆయన ఆఖరిసారి తాగాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం ఆ రోజే పుట్టిందని లెక్క. ఆ పొద్దున ఆపరేషన్ చేయాల్సి ఉండగా చేతులు వణుకుతుంటే, నిలకడ కోసం స్నేహితుడు బిల్ విల్సన్ ఓ బీరు పట్టించాడు. అదే ఆఖరిది. ఈ కథ విన్నప్పుడల్లా నాకు విశాఖ గాజువాకలో ఉన్న మా బావ చేతులు కళ్లముందుకొస్తాయి.

బావది షిఫ్టు డ్యూటీ. మొదలెడితే రోజుల తరబడి తాగుతాడు, తర్వాత దేవుడి మీద ఒట్టేసి ఒక్కసారిగా మానేస్తాడు. తాగిన రోజుల్లో ఆయన దగ్గర్నుంచి నాకు ఫోన్ రాదు. మానిన రోజుల్లోనే వచ్చేది, అక్కడ అర్ధరాత్రి దాటాక. ‘బామ్మర్దీ, గుండె దడదడలాడిపోతంది. ఏదో అయిపోద్దనిపిస్తంది. ఏటో తెల్దు’ అనేవాడు. చెమటలు, నిద్ర లేదు, తలుపు చప్పుడైతే ఉలికిపాటు. రెండు మూడు రోజులకి దిగులు కమ్ముకొచ్చేది. తను ఎందుకూ పనికిరాననీ, పిల్లకి మొహం చూపించలేననీ ఏడ్చేవాడు. అక్క ఈసీజీ తీయించింది, బాగానే ఉందన్నారు. సింహాచలం తీసుకెళ్లింది. చేతికి తాయెత్తు కట్టించింది. పక్కింటాయన మాత్రం ‘పొద్దున్నే ఓ నైంటీ వేయించమ్మా, సర్దుకుంటాది’ అన్నాడు. వేయిస్తే అరగంటలో నిజంగానే సర్దుకునేది. ఎంతోమందిని ముంచుతున్నది ఈ అరగంటే.

మెదడులో గాబా అనే రసాయనం ఉద్రేకాన్ని అణుస్తుంది, గ్లూటమేట్ రేపుతుంది. మద్యం మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని తొక్కిపెడుతుంది. రోజూ అదే జరుగుతుంటే మెదడు తన పట్టు నిలుపుకోడానికి ఎదురు తిరుగుతుంది, అణిచే వైపు తగ్గించుకుని రేపే వైపు పెంచుకుంటుంది. మందు ఆపగానే ఆ రేగినదంతా ఒక్కసారిగా బయటపడుతుంది. దడా వణుకూ భయమూ అన్నీ దానివే. మళ్లీ తాగితే అణిగిపోతాయి కాబట్టి మనిషి మందునే మందనుకుంటాడు.

మా అక్కకి ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. విపరీతంగా తాగే మనిషి హఠాత్తుగా మానితే ఆరు గంటల నుంచే వణుకు మొదలవచ్చు, తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి సన్నిపాతం కమ్ముతుంది. లేని మనుషులు కనబడతారు, రాత్రీ పగలూ తెలియదు, చూసుకోకపోతే ప్రాణం పోతుంది. మనవైపు గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పిస్తారు చూడండి, దాన్ని తలచుకుంటే నాకు వణుకు పుడుతుంది. ఆ మూడు నాలుగు రోజులూ డాక్టరు కళ్లముందు గడవాలి. క్రమంగా తగ్గించుకుంటూ పోయే మాత్రలూ, బి1 విటమినూ ఇస్తారు. వీటికేమీ లక్షలు కావు.

దిగులు సంగతి వేరు. అది ఇంకొంచెం ఎక్కువ కాలం ఉంటుంది. 1988లో శాండ్రా బ్రౌన్, మార్క్ షకిట్ అనే పరిశోధకులు, తాగుడు మాన్పించే చికిత్సకి చేరిన 191 మంది మగవాళ్లని గమనించారు. మొదట్లో నూటికి 42 మందికి చికిత్స చేయాల్సినంత డిప్రెషన్ కనబడింది. నాలుగు వారాలు తాగకుండా ఉన్నాక అది నూటికి ఆరుగురికే మిగిలింది. దిగులుతో తాగుతున్నాడని మనం జాలిపడే మనిషికి, చాలాసార్లు ఆ తాగుడే దిగులు తెస్తోందన్నమాట. 2021 జనవరిలో విశాఖ ఉక్కు కర్మాగారం వాటాల అమ్మకానికి కేంద్రం ఒప్పుకున్నాక గాజువాకలో ‘ఆ బెంగతోనే తాగుతున్నాడు’ అనే మాట తరచూ విన్నాను. బెంగ నిజమే. తాగిన మర్నాటికి అది రెట్టింపవడమూ నిజమే. ఆ మిగిలే ఆరుగురికి డిప్రెషన్‌కి విడిగా వైద్యం కావాలి. చచ్చిపోతానని ఎవరైనా అంటే మాత్రం నాలుగు వారాలు కాదు, నాలుగు గంటలు కూడా ఆగకూడదు.

ఇక్కడ అమెరికాలోని మనవాళ్లూ దీనికి దూరంగా లేరు. శుక్రవారం సాయంత్రం గరాజ్‌లో మొదలైన సీసా ఆదివారం దాకా నడుస్తుంది. ఆదివారం రాత్రి గుండెల్లో రాయి పడితే వీసా అనీ, లేఆఫ్ అనీ, అమ్మ గుర్తొచ్చిందనీ అనుకుంటారు. సీసా వైపు ఎవరూ చూడరు.

మన ఆంధ్రప్రదేశ్‌లో మద్యం మీద చర్చంతా దుకాణం చుట్టూనే తిరిగింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, వాళ్ల తెగువకి నేను చేతులెత్తి మొక్కుతాను. 1995లో ఎన్టీఆర్ నిషేధం పెట్టారు, 1997లో తర్వాతి ప్రభుత్వం సడలించింది. దుకాణం తెరిచినా మూసినా, తాగినవాడి ఒంట్లో మర్నాటి నుంచి ఏం జరుగుతుందో ఇంటి ఆడవాళ్లకి చెప్పినవాళ్లు తక్కువ.

బావని చివరికి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తీసుకెళ్లారు. ‘అక్కడికా? రేపు పిల్లకి సంబంధాలొస్తాయా?’ అని అక్క ఎన్నాళ్లో వెనకాడింది. ఆ భయాన్ని నేను తప్పు పట్టను, ఊరు పెట్టిన భయమది. చేరాక దడ రోజుల్లోనే తగ్గింది, దిగులు వారాల మీద తేలికపడింది. తర్వాత ఓసారి మళ్లీ తాగాడు, మళ్లీ వెళ్లాడు. ఈసారి అక్క వెనకాడలేదు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్న అక్కలకీ వదినలకీ నా మనవి ఇదే. ఒట్టు వేయించే ముందు డాక్టరుకి చూపించండి. భారతదేశంలో 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ నడుస్తోంది, 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లు 988కి చేయండి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుతున్నాయన్నా ఫోన్లతో కాలయాపన చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.