విడివడవలసిన ముడి

మోకాటినొప్పికి ఏండ్ల తరబడి మాత్రలు మ్రింగి, నొప్పి తగ్గిన దినమున కడుపుమంటయు, కడుపు నెమ్మదించిన దినమున నొప్పియు మార్చి మార్చి అనుభవించినవాడను గనుక, రాజమహేంద్రవరమునకు చేరువనున్న ఒక ఫార్మసీ కళాశాలలో ఆ రెంటికిని సంధి కుదుర్చు ప్రయత్నము జరుగుచున్నదని విని, చూడబోయితిని.

ప్రయోగశాల గుమ్మముకడనే ద్రావకముల ఘాటు ఎదురువచ్చెను. ఆచార్యులవారు నన్నొక స్టూలుపై కూర్చుండబెట్టి, ఐబుప్రొఫెన్ వంటి మందుల యణువున కొసనున్న ఆమ్లభాగము జఠరపు పొరను సోకి బాధపెట్టుననియు, దానిని మరియొక యణువుతో ఎస్టరుగా ముడివేసి కప్పి, రక్తములో చేరిన పిమ్మట ముడి విడిపోవునట్లు చేయుటయే ఉపాయమనియు వివరించిరి. ఇట్టి మందునకు 1958లో ఏడ్రియన్ ఆల్బర్ట్ ‘ప్రోడ్రగ్’ అని పేరిడెనట. ‘పూర్వౌషధ’మనిన బాగుండునేమో యని నేననగా, విద్యార్థులు మర్యాదకొరకు నవ్విరి.

పేరు క్రొత్తదైనను పని పాతది. స్వీడను దేశపు వైద్యురాలు నాన్నా స్వార్ట్స్, కీళ్లవాతమునకు సూక్ష్మజీవులు మూలమన్న తలంపుతో, శాలిసిలేటు జాతి పదార్థమును సల్ఫాపిరిడీనుతో ఆజో బంధమున జతపరపించిన మందే సల్ఫాసలజీను. అది పెద్దప్రేగు పుండ్లకును గుణమిచ్చెను. ఏలయన ఆ బంధమును త్రెంపగల సూక్ష్మజీవులు అచ్చటనే దట్టముగా కాపురముండును. ఆ జతలో ప్రేగునకు మేలు చేయునదేదో 1977లో గాని తేలలేదు. ఆక్స్‌ఫర్డులో అజాద్ ఖాన్ ప్రభృతులు రెండు భాగములను వేరువేరుగా ఎనిమా రూపమున రోగులకిచ్చి చూడగా, పల్లకిలోనిది శాలిసిలేటనియు, సల్ఫా కేవలము బోయీ యనియు బయటపడెను.

ఒక విద్యార్థిని ఐబుప్రొఫెనును పారాసిటమాలుతో ముడివేయుచుండెను. మంచులో నుంచిన ఫ్లాస్కులోని తేటద్రవమున ముడి బిగించు డీసీసీ యను పదార్థమును కలుపగా, కొంతసేపటికి తెల్లని పొడి పేరుకొనెను. మందు పుట్టినదని నేను ముచ్చటపడబోగా, “అది మందు కాదండీ, వడగట్టి పారవేసే యూరియా” అని ఆమె సరిదిద్దెను. నిన్నటి ఫ్లాస్కులోని చుక్కను సిలికా పలకపై నడిపించి అతినీలలోహిత దీపము క్రింద చూపెను: పచ్చని పలకపై ఆమ్లపు మచ్చ దిగువనే తడబడగా, ఎస్టరు మచ్చ మీదికెగబ్రాకియుండెను.

ఆమె చిక్కు వేరు. జఠరరసమును పోలిన 1.2 పీహెచ్ ద్రావణమున చెక్కుచెదరని ఎస్టరు, రక్తమువలె 7.4 గల ద్రావణమునను అట్లే మొండికెత్తినది. విడివడని ముడి మందు కాదు, సుద్దముక్క. ఎంజైములున్న సీరము కలుపుమని ఆచార్యులు ఉదయమే చెప్పియుండిరి.

నా కడుపు మాట యడిగితిని. ఈ మందులు రక్తమున చేరిన పిమ్మటను జఠరమును కాపాడు ప్రోస్టాగ్లాండినుల పుట్టుకను అడ్డగించును గనుక, తాకిడివలని బాధ తగ్గునే గాని పుండు భయము బొత్తిగా తీరదనియు, సులిండాకు, నాబుమెటోనులు ప్రోడ్రగ్గులయ్యును ఆ భయమును మాన్పలేదనియు వారు దాచక చెప్పిరి. “అన్నము తిన్న తరువాతనే వేసికొనండి” అని చేర్చిరి. మా అమ్మయు అదే చెప్పెడిది.

అంతలో వేళయినదని, 37 డిగ్రీల నీటితొట్టిలో సీరము కలిపి యుంచిన సీసానుండి విద్యార్థిని నమూనా తీసి క్రొత్త పలకపై నడిపెను. దీపము క్రింద, ఆమ్లముండు చోట, ఉదయము లేని సన్నని మసక. “కనిపిస్తోందా సార్?” నాకు కనబడెను. ఆచార్యులు కళ్లజోడు తుడుచుకొని మరల వంగిరి.